ఇంటిల్లిపాదికీ తెలుగు పుస్తకాలు: ఎవరి చేతిలో ఏది పెట్టాలి

అడిగింది ఇదీ: "సంక్రాంతికి పుణె నుంచి తెనాలి వెళ్తున్నాం. ఇంట్లో అందరికీ తలా ఒక తెలుగు పుస్తకం కొనాలని ఉంది. అత్తగారికి 72 ఏళ్లు, చూపు కాస్త తగ్గింది. మామగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, పేపరు తప్ప ఏదీ చదవరు. మరిది బీటెక్ ఆఖరి సంవత్సరం, ఎప్పుడూ ఫోన్‌లో క్రైమ్ సిరీస్‌లే. మా పాపకు తొమ్మిదేళ్లు, తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ కూడబలుక్కుని చదువుతుంది. నీతులు చెప్పేవి వద్దు, సరదాగా చదివించేవి చెప్పండి."

నేను చాలా ఏళ్లు అద్దెకు నవలలిచ్చే షాపు నడిపాను. టీవీ సీరియళ్లు వచ్చి అది మూతపడ్డాక విజయవాడలో ఒక పుస్తకాల షాపులో కౌంటరు దగ్గర కూర్చున్నాను. అద్దె షాపులో పుస్తకం సంగతి అట్ట చూస్తేనే తెలిసిపోయేది. నలుగురూ మెచ్చుకున్న పుస్తకం పెళపెళలాడుతూ అల్మరాలో ఉండేది. జనం నిజంగా చదివింది మాత్రం బైండింగు ఊడి, పసుపు మరకలతో, మధ్యలో రైలు టికెట్టో సబ్బు రేపరో గుర్తుగా పెట్టుకుని తిరిగొచ్చేది. "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అని అడిగి తీసుకెళ్లినవాళ్లు మళ్లీ కనపడేవారు కాదు. "మొన్నటి దాని లాంటిదే ఇంకోటి ఇవ్వండి" అన్నవాళ్లు రెండు రోజుల్లో తిరిగొచ్చేవారు.

అందుకే వయసు సంగతి రెండోది. ఆ మనిషి ఇప్పటికే దేనికి కదలకుండా కూర్చుంటున్నాడో చూసి, దానికి దగ్గరగా ఉన్న పుస్తకం ఇవ్వండి. మీ మరిది క్రైమ్ సిరీస్‌లు చూస్తాడని మీరే రాశారు. సగం పని అక్కడే అయిపోయింది.

ముందు పాప సంగతి. అసలు కష్టం అక్కడే ఉంది.

తొమ్మిదేళ్ల పిల్లకు తొమ్మిదేళ్ల బుర్ర ఉంటుంది, తెలుగు చదువు మాత్రం ఆరేళ్ల పిల్లదిగా ఉంటుంది. చదవగలిగిన పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పడేస్తుంది. నచ్చే కథ ఇస్తే రెండు వాక్యాలకే వత్తుల దగ్గర అలిసిపోతుంది. దీనికి రెండు రకాల పుస్తకాలు కావాలి. ఒకటి తను చదువుకునేది, ఇంకోటి మీరు చదివి వినిపించేది.

తను చదువుకోవడానికి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పేజీ నిండా బొమ్మ ఉన్నవి తీసుకోండి. సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ల దగ్గర ఇలాంటివి చాలా దొరుకుతాయి. మన చిన్నప్పటి రష్యన్ బొమ్మల కథలు కూడా కొన్ని మళ్లీ అచ్చు వేశారు. చెన్నైలోని తూలిక వాళ్లు ఇంగ్లీషు, తెలుగు రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వేస్తారు. బయట పెరిగే పిల్లలకు అవి బాగా పనికొస్తాయి. తెలుగులో అర్థం కాకపోతే పక్కనే ఇంగ్లీషు చూసుకుంటారు, ఎవరినీ అడగక్కర్లేదు. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటుంది. అందులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి. మొదటి స్థాయితో మొదలుపెట్టించండి, "ఇది నీకు మరీ తేలిక" అని మాత్రం అనకండి. తేలికగా ఉంటేనే పిల్ల రెండోది తెరుస్తుంది.

చదివి వినిపించడానికి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన చందమామ సీరియళ్లను మించినవి నాకు కనపడలేదు. చందమామ 1947 జూలైలో మొదలైంది. 1954లో మొదలైన తోకచుక్కతో ఆయన అందులో వరసగా సీరియళ్లు రాయడం మొదలుపెట్టారు. మకరదేవత, రాకాసిలోయ, జ్వాలాద్వీపం, భల్లూక మాంత్రికుడు అన్నీ ఆయనవే. అప్పట్లో పత్రికలో రచయిత పేరు వేసేవారు కాదు. అందుకే చిత్రా అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు అందరికీ గుర్తుంటాయి, రాసిందెవరో చాలామందికి తెలీదు. వీటిలో నీతి వెతికినా దొరకదు. అడవి, మాంత్రికుడు, కత్తియుద్ధం, ఎవరో ఒకరు కొండ అంచున వేలాడుతుండగా ఆ నెల భాగం అయిపోవడం, అంతే. రాత్రి పడుకోబోయే ముందు ఒక భాగం చదివి ఆపేయండి. మర్నాడు పాప తనే పుస్తకం తెరిచి మాంత్రికుడు ఏమయ్యాడో వెతుక్కునే రోజు వస్తుంది. అప్పుడు వత్తులు అడ్డం రావు.

అందరూ పిల్లలకు బుడుగు కొనిస్తారు. దాని గురించి ఒక మాట చెప్పాలి. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు పిల్లవాడి గొంతుతో పెద్దవాళ్ల కోసం రాసిన పుస్తకం. అందులో నవ్వంతా పెద్దవాళ్ల వేషాలు బుడుగు కంట ఎలా పడ్డాయన్న దాంట్లో ఉంటుంది. పైగా బుడుగు మాటల్ని తన నోటికొచ్చినట్టే రాస్తాడు. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు తప్పు స్పెల్లింగులతో ఉన్న పేజీ ఇస్తే ఏది సరైనదో తెలీక తికమక పడుతుంది. అందుకని బుడుగు కొనండి, కానీ పాప కోసమని కాదు. పండగ మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో అందరూ ఉన్నప్పుడు మీ ఆయన్ను పైకి చదవమనండి. బుడుగు స్నేహితురాలు సీగానపెసూనాంబ రాగానే బాపు బొమ్మ పాపకు చూపించండి. ఆ తర్వాత పుస్తకం ఎవరి చేతిలోకి పోతుందో వాళ్లే చూసుకుంటారు.

ఇంకో రెండు మూడేళ్లకు రైలుబడి ఇవ్వండి. తెత్సుకో కురొయనాగి అనే జపాన్ ఆవిడ రాసిన తోత్తోచాన్‌కు తెలుగు ఇది. పాత రైలు పెట్టెల్లో నడిచే బడి, అల్లరి చేస్తుందని ముందు బడి వాళ్లు పంపేసిన పిల్ల. టీచర్లు దీన్ని విద్యావిధానం గురించి చదువుతారు, పిల్లలు ఆ పిల్ల చేసే పనుల కోసం చదువుతారు.

ఇక మరిది. క్రైమ్ సిరీస్ చూసేవాడికి కావాల్సింది తర్వాత ఏమవుతుందోనన్న టెన్షన్. సాహిత్య విలువల మాట వాడి దగ్గర ఎత్తకండి. యండమూరి వీరేంద్రనాథ్ తులసీదళం చేతిలో పెట్టండి. అభిరుచి గల పాఠకులు కొందరు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. చేతబడి నిజమా, మనసు ఆడే ఆటా అనే రెండు పట్టాల మీద కథను నడిపిస్తూ ఒక్కో అధ్యాయాన్నీ ఎక్కడ ఆపాలో అక్కడ ఆపిన పుస్తకం అది. మా అద్దె షాపులో ఎన్ని కాపీలు పెట్టినా ఒక్కటీ అల్మరాలో ఉండేది కాదు. పుస్తకం పట్టుకోవడం అలవాటు లేని కుర్రాడిని మూడొందల పేజీలు దాటించడం చిన్న పని కాదు. భయం వద్దు, నవ్వు కావాలంటే మల్లాది వెంకటకృష్ణమూర్తి చంటబ్బాయి ఇవ్వండి. జంధ్యాల దాన్ని 1986లో చిరంజీవితో సినిమాగా తీశారు. డిటెక్టివ్ కథే, కాకపోతే నవ్వుకుంటూ చదవాలి.

రెండో పుస్తకంగా డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు. నన్నడిగితే తెలుగులో అసలైన థ్రిల్లర్ ఇదే, ఎవరూ ఆ పేరుతో పిలవరు గానీ. పందులు కాసే ఒక ముసలివాడు. సాయంత్రానికి మంద ఇల్లు చేరింది, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఒక పంది మాత్రం రాలేదు. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. దొరుకుతుంది, కానీ పిల్లల్ని పెట్టిన పంది యజమానిని కూడా దగ్గరకు రానివ్వదు. చుట్టూ చీకటి, వాసన పట్టి వచ్చే నక్కలు. ముసలివాడికి పేరుండదు, మాట్లాడటానికి పక్కన మనిషి ఉండడు, కథంతా దాదాపు ఒక్క రాత్రిలో అయిపోతుంది. చిన్న పుస్తకం, ఒక్క రైలు ప్రయాణంలో పూర్తవుతుంది. ముగింపు ఎలా ఉంటుందో వాడికి ముందే చెప్పకండి.

అది నచ్చితే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా అయ్యింది. కరువుకు మేత లేక గొర్రెల మందల్ని నల్లమల మీదకు తోలుకెళ్లే కాపరుల కథ. వాళ్లతో పాటు వెళ్లేది ఎవరనుకున్నారు? బీటెక్ చదివి ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన కుర్రాడు. ఆఖరి సంవత్సరం ఇంజనీరింగులో ఉన్నవాడికి ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? కడప యాస మొదటి ఇరవై పేజీలు కాస్త ఆపుతుంది, తర్వాత చెవికి అలవాటైపోతుంది. సినిమా చూశాను కదా అంటాడేమో. అడవి సంగతులు పుస్తకంలోనే ఎక్కువున్నాయని చెప్పండి.

యాస మాట వచ్చింది కాబట్టి ఒక చిట్కా. మన ప్రాంతం కాని యాసలో ఉన్న పుస్తకాన్ని మనసులో చదువుకుంటే కష్టంగా ఉంటుంది, పెదవి కదుపుతూ చదివితే తేలికవుతుంది. నామిని సుబ్రమణ్యం నాయుడి చిత్తూరు కథలు, మహమ్మద్ ఖదీర్ బాబు దర్గామిట్ట కతల్లోని నెల్లూరు తెలుగు, పెద్దింటి అశోక్ కుమార్ జిగిరిలోని తెలంగాణ మాట, అన్నీ వినడానికి పుట్టిన రచనలే. జిగిరి ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ. ఆ ఎలుగు పేరు షాదుల్. పెంచిన జంతువును వదిలించుకోవాల్సి వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో రాశాడు. జంతువుల్ని ఇష్టపడేవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఆలోచించి ఇవ్వండి, ఏడిపిస్తుంది.

అత్తగారికి పొడుగు నవల వద్దు. చూపు తగ్గినవాళ్లు పుస్తకం మానేసేది ఇష్టం లేక కాదు, నాలుగు పేజీలకే కళ్లు నీళ్లు కారతాయి, మళ్లీ తెరిచేసరికి కథ ఎక్కడుందో మరిచిపోతారు. మూడు నాలుగు పేజీల్లో అయిపోయే కథలు కావాలి. సత్యం శంకరమంచి అమరావతి కథలు సరిగ్గా ఆ కొలతలో ఉంటాయి. మొత్తం నూరు కథలు, 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథలన్నీ అమరావతి చుట్టూనే, ఆ గుడి, కృష్ణ ఒడ్డు, పడవలు, బజారు. తెనాలి ఆవిడకు ఆ మాట, ఆ మనుషులు పొరుగింటివాళ్ల లెక్కే. మొదటి కథ వరద. నీళ్లు ముంచెత్తినప్పుడు కులం మరిచి ఒకచోట చేరి తిన్న మనుషులు, వరద తీశాక ఏం చేశారన్నదే సంగతి. రోజుకొకటి చదివినా వేసవి దాకా వస్తుంది.

కొనేముందు అచ్చు సైజు చూడండి, మొహమాటపడకండి. ఒకే పుస్తకం రెండు ముద్రణల్లో రెండు రకాల అచ్చుతో ఉంటుంది. పేజీలు తక్కువున్నది చవకని తీసుకుంటే అచ్చు చీమ తలకాయంత ఉంటుంది. అసలు చదవడమే ఇబ్బందైతే దాసుభాషితం అనే యాప్‌లో తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. ఊరికి వెళ్లినప్పుడు ఆవిడ ఫోన్‌లో పెట్టి, ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించి రండి. మీరు వచ్చేశాక ఫోన్‌లో నేర్పడం అయ్యే పని కాదు.

ఆవిడకు నిజం కథలంటే ఇష్టమైతే కొండపల్లి కోటేశ్వరమ్మ నిర్జన వారధి ఇవ్వొచ్చు. తొంభై దాటిన వయసులో రాసుకున్న ఆత్మకథ. కమ్యూనిస్టు ఉద్యమం, కుటుంబం, పోగొట్టుకున్న మనుషులు, అన్నీ ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పుకొస్తారు. పండగ పూట ఇచ్చేది కాదు, పండగ వెళ్లాక ఇవ్వండి.

మామగారు పేపరు తప్ప చదవరన్నారు. పేపరు చదివేవాళ్లకు నవల ఇస్తే "ఇదంతా కల్పన కదా" అంటారు. వాళ్లకు వివరాలు కావాలి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఇవ్వండి. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మేలో బయలుదేరి పదిహేను నెలలకు పైగా ప్రయాణం చేసి తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ దిగాలి, హైదరాబాదు ఎలా ఉంది, అన్నీ రాసుకుంటూ వెళ్లాడు. పాత భాష కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఓపిక ఉన్నవాళ్లకే. లేదంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో వడ్లగింజలు ఒక్కటి తెరిచి ఇవ్వండి. పెద్దాపురం సంస్థానం రోజుల్లో చదరంగం ఆడే కుర్రాడి కథ. గడి గడికీ వడ్లగింజలు రెట్టింపవుతూ పోతే అరవై నాలుగో గడికి ఎంతవుతుందో బ్యాంకులో చక్రవడ్డీ లెక్కలు వేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనే కాగితం, పెన్ను తీసుకుంటారు.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇంట్లో అందరికీ కొనేవాళ్లు తమకు కొనుక్కోరు, కౌంటరు దగ్గర ఎన్నోసార్లు చూశాను. మీరు ఏం చదివేవారో నాకు తెలీదు కాబట్టి మూడు దారులు చెప్తాను.

ఒకప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివి ఉంటే, సెక్రటరీ మళ్లీ తెరవండి. అందులో హీరో రాజశేఖరం మీద అప్పుడున్న అభిప్రాయం ఇప్పుడు ఉండకపోవచ్చు, అదీ ఒక సరదానే. దాని వెంటనే డాక్టర్ పి. శ్రీదేవి రాసిన కాలాతీత వ్యక్తులు చదవండి. 1950లలో విశాఖపట్నం, చదువుకునే అమ్మాయిలు, అద్దె వాటాలు, ఉద్యోగాలు. అందులో ఇందిర అనే ఆవిడ ఉంది. నాకేం కావాలో నాకు తెలుసు అని నిలబడి బతికే మనిషి. మంచిదా చెడ్డదా అని రచయిత్రి తీర్పు చెప్పదు, మనల్నీ చెప్పనివ్వదు. అరవై ఏళ్లు దాటినా ఇందిర గురించి పాఠకులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. దీని ఆధారంగానే 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా వచ్చింది. సినిమాలో ఉన్నది వేరే ఇందిర అనుకోండి. శ్రీదేవి ముప్పై రెండేళ్లకే పోయింది. ఇంకా బతికి రాసి ఉంటే అనిపిస్తుంది నాకు.

నవ్వుకోవాలనుంటే రంగనాయకమ్మ స్వీట్ హోం. ఆవిడ పేరు వినగానే వాదన గుర్తొస్తుంది చాలామందికి. అందులో బుచ్చిబాబు, విమల అనే మొగుడూ పెళ్లాల సంసారం చదివితే ఈవిడకు ఇంత హాస్యం ఉందా అనుకుంటారు. బారిస్టర్ పార్వతీశం ఎలాగూ ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి మొదటి భాగం వచ్చి వందేళ్లు దాటింది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండుకు పెట్టె సర్దుకునే పేజీలు చదివి విదేశం వెళ్లినవాళ్లు ఎవరైనా సరే తమ సూట్‌కేసు తలుచుకుంటారు. మూడు భాగాల్లో మొదటిదే మేటి. అది చాలు.

ఇల్లు గుర్తొచ్చే పుస్తకం కావాలంటే సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కథలు. ఒక ఆడపిల్ల చిన్నతనం, చెల్లెళ్లు, బదిలీలు, బళ్లు. మీరు, అత్తగారు, ఇంకొన్నేళ్లకు పాప, ముగ్గురూ చదవగలిగే పుస్తకం ఇదొక్కటే నా జాబితాలో. బడ్జెట్టు ఒక్క పుస్తకానికే ఉంటే నేను దీన్నే తీసుకుంటాను.

మొదటి పుస్తకంగా కొనకూడనివీ కొన్ని ఉన్నాయి. వేయిపడగలు, చివరకు మిగిలేది, అంపశయ్య. ఈ మాటకు నన్ను తిట్టేవాళ్లు ఉంటారు. మూడూ గొప్పవే, చదవాల్సినవే. కానీ నాలుగేళ్లుగా పుస్తకం ముట్టనివాడికి వెయ్యి పేజీల దగ్గరికి వచ్చే వేయిపడగలు ఇస్తే తెలుగు పుస్తకాలంటే ఇంతే కాబోలు అనుకుని ఇంకో నాలుగేళ్లు ముట్టడు. విశ్వనాథ సత్యనారాయణ మీద అంత ఇష్టముంటే ఏకవీరతో మొదలుపెట్టించండి. చిన్నది, కథ పట్టు వదలదు.

కొనే సంగతి. సంక్రాంతికి వస్తున్నారు కాబట్టి అదృష్టం. విజయవాడ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లోనే జరుగుతుంది, ఆ ఏడాది తేదీలు ముందు కనుక్కోండి. పండక్కి వారం ముందు దిగితే అందుకోవచ్చు. లేకపోతే ఏలూరు రోడ్డులో షాపులున్నాయి, పాత పుస్తకాలకు లెనిన్ సెంటర్ ఉంది. హైదరాబాద్ మీదుగా వస్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి. పాత కాపీ కొనేటప్పుడు చివరి పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడటం మరిచిపోకండి. ముఖ్యంగా తులసీదళం లాంటివి. ఎవరో ఒకరు ఆఖరి పేజీ చింపుకుని పోయి ఉంటారు, మా షాపులో నెలకొకసారి ఇదే గొడవ.

అన్నీ ఒకేసారి కొనకండి. ఈసారికి పాపకు రెండు బొమ్మల పుస్తకాలు, ఒక దాసరి సీరియల్, మరిదికి తులసీదళం, అత్తగారికి అమరావతి కథలు, మీకు ఇల్లేరమ్మ. మామగారికి విడిగా ఏమీ వద్దు. అమరావతి కథలు అత్తగారి మంచం పక్కన ఉంటాయి కదా, ఆయనే తీస్తారు. ఉగాదికి వెళ్లినప్పుడు ఏది చదివారు, ఏది సగంలో వదిలేశారు అని అడిగి మళ్లీ రాయండి. వదిలేసింది ఏదో, ఎన్నో పేజీ దగ్గరో చెప్తే తర్వాత ఏమివ్వాలో చెప్పడం నాకు తేలిక.